విశ్వవిద్యాలయ మెవరిది?

(పట్టణ పఠనమందిర వార్షికోత్సవ సభలో గావించిన యుపన్యాసము)



వివిధ దేశముల విశ్వవిద్యాలయములను గుఱించి నాలుగు మాటలు చెప్పవలసినదని పఠనమందిర కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఏ దేశమున నెన్ని విశ్వవిద్యాలయములు గలవో, ఏది పురాతనమో, దేని భవనము లెంత యున్నతములో లెక్కలు చెప్పి మీ కాలమును హరించుట మా యుద్దేశము కాదు. అట్టి లెక్కలు మీ పఠనమందిరపు బల్లమీదనే దొరకును. మేము మీ ముందుంచదలచినది యొక్కటే ప్రశ్న. విశ్వవిద్యాలయ మెవరిది? ఈ ప్రశ్న మాకు గ్రంథములలో దొరకలేదు. న్యాయస్థానపు వసారాలో దొరకినది.

మేము వృత్తిచే న్యాయవాదులము. కొన్ని సంవత్సరముల క్రిందట నొక భూమి దావాలో నొక వృద్ధ రైతు పక్షమున వాదించితిమి. మేమును, ఎదుటి పక్షమువారి ప్లీడరును, న్యాయాధిపతియు మువ్వురము తెలుగువారమే. అయినను రెండు పూటలు వాదన యంతయు నింగ్లీషులోనే నడచెను. తీర్పును ఇంగ్లీషులోనే చదువబడెను. ఆ వృద్ధుడు చేతులు కట్టుకొని, ఎవరు మాటలాడుచుండిన వారి మొగము వంక చూచుచు నిలుచుండెను. వెలుపలికి వచ్చినంతనే, "బాబూ, మన పొలం మనకుందా, పోయిందా?" అని యడిగెను. నిలిచినదని చెప్పితిమి. అతడు వెడలిపోలేదు. "ఎందుకు నిలిచిందో చెప్పండి బాబూ, ఇంటికెళ్లి మావాడికి చెప్పాలి" అనెను.

అప్పుడు మేము తడబడితిమి. ఏ సూత్రముపై రెండు పూటలు అనర్గళముగ వాదించితిమో, ఆ సూత్రమును తెలుగున చెప్పుటకు మాకు నోరు రాలేదు. కాలపరిమితి యనియు, ప్రతికూల స్వాధీన మనియు నేవో ముక్కలు చెప్పితిమి. వృద్ధుడు కొంతసే పాలోచించి, "అంటే, పన్నెండేళ్ల పైనుంచీ మేమే దున్నుకుంటున్నాం, వాళ్లప్పుడు అడగలేదు, ఇప్పుడడిగితే చెల్లదు, అంతేగదా!" అనెను. అంతే! మేము న్యాయకళాశాలలో నేండ్ల తరబడి చదివినది, ఆ నిరక్షరాస్యుడు నిలువుకాళ్ల మీద నొక్క వాక్యమున చెప్పెను. తెలుగున మాటలు లేకపోలేదు. లేనిది మాకడనే. మమ్ము తీర్చిన విద్యాలయము అతని వాకిటికి పోవు త్రోవను మాకు నేర్పలేదు. అతని పన్నులతో నడచిన విద్యాలయము అతనిది గాకపోయెను. మఱి యెవరిది?

ఈ ప్రశ్నను వెంటబెట్టుకొని ఇతర దేశముల చరిత్ర చూతము.

మొదట నామమునే పరిశీలింతము. విశ్వవిద్యాలయ మనగానే మనకు విశ్వమంతయు స్ఫురించును. పాశ్చాత్యుల మూలపదమైన 'యూనివర్సిటాస్' అను లాటిను మాటకు నాటి కాలమున నట్టి యర్థము లేదు. అది న్యాయవాదుల మాట. పలువురు కలిసి, చట్టము నెదుట నొక్క వ్యక్తివలె నిలుచు సంఘమునకు అది పేరు. మన ప్రాచీనులు 'శ్రేణి' యన్నది దాదాపుగ నిదియే. ఐరోపాలో విద్యార్థులు సంఘముగ నేర్పడిన చోట విద్యార్థి శ్రేణియు, గురువు లేర్పడిన చోట గురు శ్రేణియు పుట్టెను. అనగా విశ్వవిద్యాలయ మనునది మొదట భవనము కాదు, మనుష్యులు.

ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయము 1088లో పుట్టినదని సంప్రదాయము. రోమను ధర్మశాస్త్రము చదువుటకై నానా దేశముల యువకు లచ్చటికి చేరుచుండిరి. పరదేశమున వారికి రక్షణ లేదు. ఒక దేశస్థుడు అప్పు చేసి పాఱిపోయినచో, అతని దేశమువాడగు విద్యార్థిని పట్టుకొని యా బాకీ రాబట్టుకొను దురాచార ముండెను. 1158లో ఫ్రెడరిక్ చక్రవర్తి యొక శాసనముచే దీనిని మాన్పి, విద్యార్థులకు రక్షణ నొసగెను. విద్యార్థులు శ్రేణులుగ నేర్పడి తామే గురువులను నియమించుకొనిరి. వారి నిబంధనలు నేటి యధ్యాపకులకు వింతగ దోచవచ్చును. గురువు గంట కొట్టినపిదప వచ్చినచో జరిమానా. కఠినమైన ఘట్టమును దాటవేసినచో జరిమానా. ఊరు విడిచి పోవలెనన్న విద్యార్థుల యనుమతి కావలెను! ఇక భవన మందురా? గురువుల యిండ్లలోను, అద్దె గదులలోను పాఠములు నడచెను. బొలోన్యా విద్యాలయమునకు అన్ని శాఖలును చేరిన సొంత భవనము 1563లో గాని సమకూడలేదు. సుమారు నాలుగువందల డెబ్బది యేండ్లు ఆ విశ్వవిద్యాలయము మనుష్యులతోనే నిలిచినది.

పారిస్ నగరమున గురువుల శ్రేణి యుండెను. 1229లో కొందఱు విద్యార్థులకును సారాయి దుకాణమువారికిని సొమ్ము విషయమున తగవు పుట్టి పెరిగి, రాజభటులు విద్యార్థులను చంపిరి. గురువులు పాఠములు నిలిపివైచి, నగరమునే విడిచి పోయిరి. రెండేండ్లు పారిస్ నగరము విద్యాశూన్యమై యుండెను. 1231లో పోపు తొమ్మిదవ గ్రెగరీ శాసనముచే వారి హక్కులు స్థిరపడి వారు మరలివచ్చిరి. అంతకు ముందు 1209లో ఆక్సుఫర్డులో నట్టి కలహమే పుట్టగా, కొందఱు పండితులు లేచిపోయి కేంబ్రిడ్జిలో పాఠములు ప్రారంభించిరి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ మట్లు పుట్టినదే. మనుష్యులు లేచిపోయిన విశ్వవిద్యాలయమే లేచిపోవును. రాజులకు దాని యెడల గౌరవము కలిగిన దందుచేతనే.

కాని సోదరులారా, ఈ విద్యాలయములన్నిటను నొక తలుపు మూయబడి యుండెను. పాఠము లాటినులో, వాదము లాటినులో, గ్రంథము లాటినులో. రొట్టెలు కాల్చువాని కొడుకు గదిలోనికి రావచ్చును గాని, వాని తల్లి మాట లోనికి రారాదు. ఈ తలుపును తట్టినవారిలో నొకడు మావంటి న్యాయశాస్త్రజ్ఞుడే. క్రిస్టియన్ థొమాసియుస్ అను నాతడు 1687లో జర్మనీయందలి లైప్‌జిగ్ విశ్వవిద్యాలయమున, తాను చెప్పబోవు పాఠమును గుఱించి జర్మను భాషలో ప్రకటన పత్రమును అంటించెను. పండితులు దిగ్భ్రాంతులైరి. పవిత్రమైన ఫలకమున పామరుల భాష యేమని యాక్షేపించిరి. ఇతర వివాదములును తోడై 1690లో ఆతడు లైప్‌జిగ్ విడువవలసి వచ్చెను. హల్లె పట్టణమునకు పోయి జర్మను భాషలోనే పాఠములు చెప్పెను. 1694లో హల్లెలో విశ్వవిద్యాలయము స్థాపింపబడినప్పుడు దాని నిర్మాతలలో నాతడొకడు. మంత్రగత్తె లను నెపమున స్త్రీలను కాల్చివేయు విచారణలను ఖండించి వ్రాసినవాడును ఈతడే. ప్రజల భాషలో నాలోచించువానికి ప్రజల కష్టము కనబడుట సహజము గదా!

పిమ్మట నూఱేండ్లకు నెపోలియను చేతిలో ప్రష్యా రాజ్య మోడిపోయెను. 1807 నాటి సంధిచే సగము రాజ్యమును, దానితో హల్లె విశ్వవిద్యాలయమును పోయెను. ఖజానా వట్టిపోయినది. రాజధానిలో శత్రుసేన విడిసినది. అట్టి దుర్దినములలో నా జాతి యేమి చేసినది? విల్‌హెల్మ్ హుంబోల్ట్ అను భాషాశాస్త్రజ్ఞుని విద్యాశాఖకు పెద్దగ నియమించి, 1810లో బెర్లిను నగరమున విశ్వవిద్యాలయమును తెఱచినది. గురువు తెలిసినదానిని వల్లె వేయించువాడు గాక, తెలియని దానిని శిష్యునితో గలిసి వెదకువాడు గావలెనని హుంబోల్టు మతము. బోధనము, పరిశోధనము ఒక్క చోటనే యుండవలె నను నేటి సిద్ధాంతమునకు ఆదర్శముగ నిలిచిన దది. అమెరికాలో 1876లో బాల్టిమోరు నగరమున వెలసిన జాన్స్ హాప్కిన్సు విశ్వవిద్యాలయ మీ మార్గముననే నడచినది.

ప్రష్యాకు ఓడినను రాజొకడుండెను. రాజే లేని జాతుల మాట యేమి?

చెకు జాతిని చూడుడు. వారి ప్రేగు నగరమున 1348లోనే నాల్గవ చార్లెసు చక్రవర్తి విశ్వవిద్యాలయమును స్థాపించెను. కాని వారి దేశము ఆస్ట్రియా చక్రవర్తుల వశమైన పిదప లాటిను పోయి జర్మను వచ్చెను. చెకు భాష వంటయింటి భాష యనియు, దానిలో తత్త్వశాస్త్రము పలుకదనియు పెద్దలు నిశ్చయించిరి. ఆ జాతి నిఘంటువులు వ్రాసికొని, నాటకశాలలు కట్టుకొని, పట్టువిడువక యడుగగా, 1882లో నా విశ్వవిద్యాలయము జర్మను శాఖ, చెకు శాఖ యని రెండుగ చీలెను. ఆ యేడే చెకు శాఖలో తత్త్వశాస్త్రోపాధ్యాయుడుగ చేరినవాడు మసారిక్. ముప్పదియాఱేండ్లకు, 1918లో, స్వతంత్ర చెకోస్లొవాకియాకు మొదటి యధ్యక్షుడైన వాడును ఆ మసారిక్కే. తరగతి గదిలో భాష స్వతంత్రమైన ముప్పదియాఱేండ్లకు దేశము స్వతంత్రమైనది.

శత్రువులకును ఈ సంగతి తెలియును. 1939లో హిట్లరు సేనలు ప్రేగు నాక్రమించియుండగా, అక్టోబరు 28వ తేదీ ప్రదర్శనమున యాన్ ఒప్లెతల్ అను వైద్యవిద్యార్థి తుపాకి దెబ్బ తిని, కొలది దినములకు మరణించెను. అతని యంత్యయాత్రలో విద్యార్థులు వేలుగ నడచిరి. నవంబరు 17వ తేదీన నాజీలు చెకు విశ్వవిద్యాలయముల నన్నిటిని మూసివేసిరి. తొమ్మండుగురను చంపిరి. పండ్రెండువందలకు పైగ విద్యార్థులను నిర్బంధ శిబిరమునకు పంపిరి. ప్రపంచమున నవంబరు 17 విద్యార్థి దినమైన దిందుచేతనే. ఒక భాషలో పాఠము చెప్పు గదులకు తాళము వేయుటకు సైన్యములు కావలసివచ్చిన వనిన, ఆ గదులలో నెట్టి శక్తి యుండెనో యోజింపుడు.

పోలండు దేశపు కథ మఱియు నాశ్చర్యకరము. వార్సా నగరము రష్యా చక్రవర్తి వశమై యుండగా, అచ్చటి విశ్వవిద్యాలయమున బోధన యంతయు రష్యను భాషలోనే. స్త్రీలకు ప్రవేశమే లేదు. 1880 ప్రాంతముల పిదప పోలిషు విద్వాంసులును, స్త్రీలును కలిసి రహస్యముగ నిండ్లలో తమ భాషలో పాఠములు ప్రారంభించిరి. నేడొక యింట, రేపొక యింట. పోలీసులు పసిగట్టులోపల నింకొక వీధికి మాఱుట. దానికి 'ఎగిరెడు విశ్వవిద్యాలయ' మని పేరు వచ్చెను. అచ్చట పాఠములు విన్న యువతులలో మరియా స్క్లొదోవ్‌స్కా యొకతె. ఆమె 1891లో పారిస్ పోయి, పిదప మేడం క్యూరీ యను పేర రెండు నోబెలు బహుమానముల నందెను. 1898లో తాను కనుగొనిన మూలపదార్థమునకు తన దేశము పేర పొలోనియ మని నామకరణము చేసెను. భూపటమున లేని దేశమును రసాయన శాస్త్రమున నిలిపినది.

ఇంకొక దృష్టాంతమును చెప్పక విడువరాదు. బెల్జియము దేశమున ఫ్లెమిషు ప్రజలు మాటలాడునది డచ్చి భాష. వారి గెంట్ నగరమున 1817లో విశ్వవిద్యాలయము వెలసినది గాని, 1830 తరువాత బోధన ఫ్రెంచిలోనే నడచెను. తమ భాష కావలెనని ప్రజ లేండ్ల తరబడి యడుగుచుండిరి. మొదటి యుద్ధకాలమున దేశము నాక్రమించిన జర్మనులు 1916లో, అడిగిన వరమును మేమే యిచ్చెదమని, డచ్చి భాషలో విశ్వవిద్యాలయమును తెఱచిరి. ప్రజలలో పెక్కుమంది యా కానుకను త్రోసిపుచ్చిరి. యుద్ధానంతరము శత్రువిచ్చిన దను మచ్చ యా యుద్యమమునకే యంటి, కొన్నాళ్లు వెనుకబడవలసి వచ్చెను. తుదకు 1930లో తమ చట్టసభ చేసిన శాసనముచే గెంట్ విశ్వవిద్యాలయము పూర్తిగ డచ్చి భాష కైవసమైనది. భాష యొక్కటియే చాలదు, అది మన చేతులతో సంపాదించుకొన్నదై యుండవలె నను పాఠము గెంట్ నేర్పినది.

ఇక మన యాసియా ఖండమునకు వత్తము. 1877లో టోక్యో విశ్వవిద్యాలయము స్థాపింపబడినప్పుడు దాని గదులలో వినబడినది జపాను భాష కాదు. ఆచార్యులలో ననేకులు విదేశీయులు. వైద్యము జర్మనులో, తక్కిన శాస్త్రములు మిక్కిలిగ నింగ్లీషులో. ఇంతవఱకు వారికిని మనకును భేదము లేదు. భేద మంతయు నటుపైని. పరదేశీయులను తెచ్చుకొన్నది తాము నేర్చుకొనుటకే గాని, శాశ్వతముగ వారి నాశ్రయించి యుండుటకు గాదని వారు మొదటనే నిశ్చయించిరి. యువకులను విదేశములకు పంపి, వారు తిరిగివచ్చినపిదప నొక్కొక్క పీఠమున వారిని కూర్చుండబెట్టిరి. కేంబ్రిడ్జిలో గణితము చదివిన కికుచి, అమెరికాలోని యేల్ విద్యాలయమున చదివిన యమకావ యట్లు వచ్చినవారే. నిషి అమనే యను పండితుడు 'ఫిలాసఫీ'కి 'తెత్సుగాకు' అను క్రొత్త మాటను సృష్టించెను. ఆ మాట చీనాకును పోయి నేటికిని వాడుకలో నున్నది. కొలది దశాబ్దములలో టోక్యోలో బోధన జపాను భాషదైనది.

అట్లు చేసినచో లోకజ్ఞానమునకు దూరమగుదు రని కొంద ఱందురు. 2008లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమాన మందిన తొషిహిదే మసుకావ యనునాతడు స్టాక్‌హోములో తన యుపన్యాసమును జపాను భాషలో నిచ్చెను. అంతకు ముందాతనికి పాసుపోర్టు సైతము లేదు! ఇంగ్లీషు రానివాడు గొప్పవాడని మే మనుట లేదు. గొప్ప శాస్త్రము స్వభాషలో యోచింపవచ్చు ననుటకు ఇంతకు మించిన సాక్ష్యమును ఏ న్యాయస్థానము కోరును?

మన దేశమున కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు మూడును 1857లో పుట్టినవి. ఢిల్లీలోను లక్నోలోను ఫిరంగులు మ్రోగుచున్న సంవత్సర మది. లండను విశ్వవిద్యాలయపు ఫక్కిని పోతపోయబడిన యీ మూడును చాలకాలము పాఠము చెప్పు సంస్థలు గావు, పరీక్షలు పెట్టు సంస్థలు. గురువు నెఱుగని శిష్యుడు, శిష్యు నెఱుగని గురువు, ఇరువుర నెఱుగని పరీక్షాపత్రము! 'పాసగుట' యను క్రియాపదము మన భాషలో నప్పుడే పుట్టినది. చదువు వేఱు, పాసు వేఱు అను విభేదము నేటికిని మనలను విడువలేదు.

దీనికి ప్రతిక్రియ చేసినవారును లేకపోలేదు. వంగ విభజనోద్యమకాలమున 1906లో కలకత్తాలో జాతీయ కళాశాల వెలసెను. అరవిందులు దానికి ప్రధానాచార్యులు. మన బందరున 1910లో కోపల్లె హనుమంతరావుగారును, ముట్నూరి కృష్ణారావుగారును, పట్టాభి సీతారామయ్యగారును పూని ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. ప్రభుత్వపు ధనము నాసింపక, ప్రజల విరాళములతో, చేతిపనిని చదువుతో జోడించి నడపిరి. తరువాత ప్రమోదకుమార చటర్జీగారచ్చట చిత్రకళను బోధించిరి. మన అడివి బాపిరాజుగారు వారి శిష్యులే. కలకత్తా విశ్వవిద్యాలయముననే 1937లో రవీంద్రులు పట్టప్రదానోపన్యాసమును వంగభాషలో చదివిరి. ఆ విశ్వవిద్యాలయము పుట్టిన యెనుబదియేండ్లకు ఆ సభలో వంగభాష వినబడుట యదియే మొదటిసారి.

ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో శాసనమై, 1930లో వాల్తేరు చేరినది. ప్రథమోపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. 1930లో ప్రభుత్వము సత్యాగ్రహులపై సాగించిన నిర్బంధములకు నిరసనగ వారు పదవిని త్యజించిన సంగతి మీ రెఱుగుదురు. జయపురాధీశులు విక్రమదేవవర్మగా రేటేట లక్ష రూప్యముల నొసగిరి. తెలుగువారికొక విశ్వవిద్యాలయము వచ్చినది. తెలుగునకు వచ్చినదా? ఆ ప్రశ్న నాడును నిలిచినది, నేడును నిలిచియే యున్నది.

ఈ ప్రశ్నకు తెలుగుగడ్డపైననే యొక యుత్తరము పుట్టినది. అది ఉస్మానియా. 1918లో హైదరాబాదు నిజాము స్థాపించిన యీ విశ్వవిద్యాలయమున బోధనభాష ఉర్దూ. భారతదేశమున నొక దేశభాషను ఉన్నతవిద్యకు బోధనభాషగ చేసిన తొలి మహాప్రయత్న మిది. కళాశాలకంటె ముందే, 1917లో, అనువాదశాలను తెఱచి, పండితులను గూర్చి, చరిత్ర, గణితము, తర్కము, రసాయనము మున్నగు శాస్త్రములపై గ్రంథములను వందలుగ ననువదించిరి. పారిభాషిక పదములకై సంఘములు కూర్చుండి వాదించెను. తుదకు వైద్యశాస్త్రమును సైతము ఉర్దూలో బోధించిరి. దేశభాషలో శరీరశాస్త్రము పలుకునా యని సంశయించువారికి ఉస్మానియా ప్రత్యక్ష ప్రమాణము.

ప్రమాణము మాత్రమే కాదు, హెచ్చరికయును. ఆ రాజ్యమున నత్యధికులు మాటలాడు భాష తెలుగు. మరాఠీ, కన్నడము పలుకువారును లక్షలు గలరు. వారికి ఉర్దూయు నింగ్లీషువలె నేర్చుకొనవలసిన భాషయే. తెలంగాణపు పల్లెనుండి వచ్చిన బాలునికి స్వభాషా విశ్వవిద్యాలయపు వాకిట మఱియొక పరభాష యెదురైనది. 1938లో వసతిగృహములలో వందేమాతరము పాడినందుకు విద్యార్థులను వెడలగొట్టగా, వారిలో ననేకులు నాగపురమునకు పోయి చదువు కొనసాగించిరి. తరువాత ప్రధానమంత్రియైన పి.వి. నరసింహారావుగారు వారిలో నొకరు. 1948 తరువాత ఉర్దూ బోధన ముగిసినది. తెలుగు వచ్చినదా? లేదు, ఇంగ్లీషు వచ్చినది. ముప్పదియేండ్లు శ్రమించి కూర్చిన పుస్తకములు బీరువాల పాలైనవి. ఒక మహాప్రయత్నమున దోషమున్న దోషమును దిద్దవలెను గాని, ప్రయత్నమునే పూడ్చిపెట్టవచ్చునా? ఆ యనువాదశాలను తెలుగునకును, కన్నడమునకును, మరాఠీకిని విస్తరింపజేసి యుండిన నేడు మన స్థితి వేఱుగ నుండెడిది.

స్వాతంత్ర్యానంతరము సంకల్పములకు లోపము లేదు. రాధాకృష్ణపండితుల యాధ్వర్యవమున 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ సంఘము ఉన్నతవిద్యలో నింగ్లీషు స్థానమున భారతీయ భాష వీలైనంత త్వరలో రావలెనని చెప్పినది. 1964-66 నాటి కొఠారీ సంఘ మా మాటనే బలపఱచినది. 1968లో తెలుగు అకాడమీ యేర్పడి కళాశాల తరగతులకు తెలుగు పుస్తకములు ప్రకటించినది. 1982లో హైదరాబాదున వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయము, దేశమున నట్టివానిలో మొట్టమొదటిది, కూలిపని చేసికొనువారికిని, ఇల్లు దిద్దుకొను స్త్రీలకును తెలుగులో డిగ్రీ పాఠములు పంపినది. ఇవి చిన్న పనులు గావు.

కాని 2021వ సంవత్సరమును చూడుడు. ఆ యేడు అఖిల భారత సాంకేతిక విద్యామండలి ఇంజనీరింగు విద్యను తెలుగుతో సహా పలు దేశభాషలలో బోధించుట కనుమతి నొసగినది. ఆ యేడే ఆంధ్రప్రదేశ ప్రభుత్వము డిగ్రీ కళాశాలలలో నింగ్లీషు మాధ్యమమునే యుంచ నిశ్చయించినది. ఒక చేయి తలుపు తెఱచుచుండగా నింకొక చేయి మూసినది. తలుపు నడుమ నిలుచున్న విద్యార్థి యేమి చేయవలెను?

ఎదుటి పక్షమువారి వాదనను గూడ న్యాయముగ వినవలెను. న్యాయవాదికి అది ధర్మము. వారు ముఖ్యముగ రెండు మాట లందురు.

మొదటిది: తెలుగున చదివిన నుద్యోగము రాదు. ఇది నిజమే. కాని ఉద్యోగ మిచ్చువారు ఇంగ్లీషు నడుగుచున్నారు గాని, ఇంగ్లీషులో వల్లించిన రసాయనము నడుగుట లేదు. భాషను భాషగ చక్కగ నేర్పుట వేఱు, రాని భాషలో శాస్త్రమును బలవంతముగ మ్రింగించుట వేఱు. రెండవ పద్ధతిలో శాస్త్రమును రాదు, భాషయును రాదు. డిగ్రీ పట్టము చేత బట్టుకొని వచ్చి, ఒక యర్జీ వ్రాసిపెట్టుడని మా కచేరికి వచ్చు యువకులను మేము చూచుచున్నాము. వారు ఇంగ్లీషులో వ్రాయలేరు, తెలుగులోను వ్రాయలేరు. దోషము వారిది గాదు.

రెండవ మాట మిక్కిలి పదునైనది. "మీ బిడ్డలను ఇంగ్లీషు బడులకు పంపి, మా బిడ్డలకు తెలుగు చాలునందురా?" అని బీదలును, తరతరములుగ చదువునకు దూరముగ నుంచబడినవారును అడుగుచున్నారు. సోదరులారా, ఈ ప్రశ్నకు మేము తలవంచెదము. తెలుగు మాధ్యమమును బీదల వరుసగ చేసి, కలవారి వరుసను వేఱుగ నుంచినంతకాలము, తెలుగును గుఱించి మనము చెప్పు మాటలు వారికి మోసముగనే తోచును, తోచవలెను గూడ. ప్రేగులో చెకు భాషను కోరినవారు మొదట తమ బిడ్డల నా తరగతికి పంపిరి. వార్సాలో రహస్యముగ పాఠములు విన్నవారు చదువుకొన్న కుటుంబములవారి బిడ్డలే. త్యాగము పైమెట్టునుండి దిగిరావలెను. తెలుగు గది, ఇంగ్లీషు గది కంటె మంచి గురువు, మంచి ప్రయోగశాల, మంచి పుస్తకము గల గది యైననాడు ఈ యాక్షేపణ తనంత తానే తొలగును.

తెలుగు పాఠ్యపుస్తకము ఇంగ్లీషు పుస్తకముకంటె కఠినమని విద్యార్థులే చెప్పుదురు. అందును సత్యము కలదు. ఆక్సిజనును ఆక్సిజననియే వ్రాయవచ్చును. మోటారును, కరెంటును మన రైతు లెప్పుడో తెలుగు మాటలుగ చేసికొన్నారు. ఎవరును పలుకని సమాసములు కూర్చి శాస్త్రమును దాచుట భాషాసేవ గాదు. మా వృద్ధ కక్షిదారు చెప్పిన వాక్యమున ప్రతికూల స్వాధీన మను మాట లేదు, దాని యర్థము మాత్రము నిండుగ నున్నది. పుస్తకములు వ్రాయువా రాతనివంటివారి నడిగి వ్రాయవలెను.

ఇక మన చేతిలో నున్న దేమి? చట్టసభ మన చేతిలో లేదు. విశ్వవిద్యాలయ పాలకవర్గము మన చేతిలో లేదు. కాని బొలోన్యా విద్యార్థులకును భవనము లేదు, వార్సా స్త్రీలకును అనుమతి పత్రము లేదు. ఈ పఠనమందిర మున్నది. ఈ పట్టణమున వైద్యులున్నారు, ఇంజనీర్లున్నారు, ఉపాధ్యాయులున్నారు, న్యాయవాదులున్నారు. మనలో ప్రతివాడును తాను ఇంగ్లీషున నేర్చిన దానిలో నొక భాగమును నెలకొకమాఱు ఇచ్చట తెలుగున చెప్పవలెను. మొదట నోరు రాదు. మాకు రానట్లే రాదు. వినువా రడ్డు ప్రశ్నలు వేయుదురు. కఠిన ఘట్టమును దాటవేసినచో, బొలోన్యా విద్యార్థులవలె జరిమానా వేయుడు! చెప్పినదానిని వ్రాసి యీ బీరువాలో నుంచవలెను. పదేండ్లలో నా బీరువా యొక చిన్న విశ్వవిద్యాలయమగును. తెలుగున వ్రాసిన పరీక్షాపత్రమును స్వీకరింపుడని విశ్వవిద్యాలయముల నడుగుటకు అప్పుడు మనకు నోరుండును. లేనిచో, మీ తెలుగు పుస్తకము లెక్కడ యని వారడిగిన మన మేమి చెప్పగలము?

విశ్వవిద్యాలయ మెవరిది యని యారంభించితిమి. దాని పేరు మొదట నొక మనుష్యసంఘమునకు చెందినది. ఆ సంఘమున రైతునకు చోటు లేకున్న, ఎంత యెత్తైన భవన మున్నను, అది యొక చిన్న గుంపు కూటమియే యగును. ఆ వృద్ధుడు అడిగినది పట్టము గాదు. "మావాడికి చెప్పాలి" అనెను. తండ్రి కొడుకునకు చెప్పుకొనగల మాటలో శాస్త్రము చేరిననాడు విశ్వవిద్యాలయ మతనిదగును, మనదగును.

కార్యదర్శిగారి యనుమతితో నొక ప్రకటన చేసి విరమించెదము. వచ్చు ఆదివారము సాయంకాలము అయిదు గంటలకు ఈ మందిరముననే, భూమి దావాలను గుఱించియు, కాలపరిమితిని గుఱించియు మేము తెలుగున మొదటి పాఠము చెప్పెదము. తప్పులు దొర్లును. దిద్దుటకు రండు.